మచిలీపట్నం కలంకారీ: పేరు పారసీకం, మరి పని ఎవరిది?

పాతరేవు:
మొన్న ఒక ప్రదర్శనలో మచిలీపట్నం అద్దకం దుప్పటి చూశాను. పక్కన పలకమీద ‘ఇరాన్ నుంచి వచ్చిన కళ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఒళ్లు మండింది. కలం, కారీ పారసీ మాటలే, కాదనను. గోల్కొండ కుతుబ్‌షాహీల కొలువులో పారసీ చెల్లుబాటయింది, మచిలీపట్నం వాళ్ల రేవు. కొనేవాడి నోట పలికిన పేరే సరుకుకు అతుక్కుంది. అద్దకం, వ్రాతపని అనే మన మాటలు ఇంకా బతికే ఉన్నాయి. పైగా మచిలీపట్నం పక్కనున్న పెడనలో ఇప్పుడు కలం ముట్టేవారే లేరు, అంతా టేకు అచ్చులే. ఇది ఇరాన్ కళ ఎలా అవుతుందో ఎవరైనా చెప్పండి.

సరుగుడుతోట:
చెబుతాను. ఇస్ఫహాన్‌లో నేటికీ ‘కలంకార్’ పేరుతో అమ్మేది కూడా అచ్చులతో అద్దిన గుడ్డే. అక్కడా కలం లేదు, ఇక్కడా లేదు, పేరు మాత్రం ఒకటే. ఇది కాకతాళీయమంటారా? గోల్కొండలో వజీరైన మీర్ జుమ్లా ఇరాన్‌లోని అర్దిస్తాన్ మనిషి. వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి, మచిలీపట్నం నుంచి ఇరాన్ రేవు బందర్ అబ్బాస్‌కు సొంత ఓడలు నడిపాడు. ఆ దారినే నమూనాలూ వచ్చాయి. సరుగుడు చెట్టులా నిటారుగా నిలిచే సర్వ్ వృక్షం, మసీదు మిహ్రాబు కమాను, మనం మామిడిపిందె అని ముద్దుగా పిలుచుకునే బుటా, ఇవన్నీ ఎవరివి? 19వ శతాబ్దంలో కూడా మచిలీపట్నం నుంచి నమాజు గుడ్డలు ఇరాన్‌కు వెళ్లేవి.

ఇంకొక దిద్దుబాటు. ‘కలం ముట్టరు’ అన్నది ఇప్పటి మాట. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే మచిలీపట్నం చీటిగుడ్డలను కుంచెతో వేసినవిగానే చెప్పాడు.

చిరివేరు:
మా అమ్మమ్మగారిది పెడన దగ్గర పల్లె. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో అద్దకం షెడ్డులో కూర్చుని చూసేదాన్ని. ఇద్దరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. ముందు రంగు సంగతి చూడండి.

గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి కుండలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమిని అద్దితే ఆ కరక్కాయ మీద నల్లగీత లేస్తుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అప్పుడు చూస్తే అక్కడ దాదాపు ఏమీ కనబడదు. పనివాడికే గుర్తుండాలి. తరవాత పారే కాలవలో జాడించి, రాగి డేగిసాలో వేళ్లు, చెక్క వేసి ఉడకబెడతారు. పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ డేగిసాలో దయ్యం ఉందనిపించింది!

ఆ ఎరుపుకు ఒకప్పటి దినుసు చిరివేరు. మచిలీపట్నంలో 1618 నుంచి 1622 దాకా ఉన్న ఇంగ్లిషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ దాన్ని ఈ దేశంలోనే పెరిగే మొక్క అన్నాడు. నిజాంపట్నం వైపు ఇసుకనేలలో దొరికిన వేరుకు మంచి పేరుండేది. సర్వ్ చెట్టు ఇరాన్‌ది కావచ్చు. దాన్ని ఉతికినా పోకుండా నిలబెట్టిన ఎరుపు మా కృష్ణా తీరానిది.

సరుగుడుతోట:
బాగుంది. కానీ పటిక అద్ది ఉడకబెట్టే కిటుకు మన ఒక్కరి సొత్తేమీ కాదు. తెల్లగుడ్డ మీద ఏవో మందులు పూసి ఒకే రంగు కాగులో ముంచితే పలు రంగులతో బయటికొస్తుందని, ఈజిప్టులో చూసే వింతగా రోమన్ రచయిత ప్లినీ 1వ శతాబ్దంలోనే రాశాడు.

చిరివేరు:
అవునండీ. మొహెంజోదారోలో దొరికిన, మంజిష్ఠ జాతి ఎరుపు పట్టిన నూలుగుడ్డ ఆయనకంటే రెండువేల ఏళ్లు పాతది. ఇలా వెనక్కి తవ్వుతూ పోతే మనమిద్దరం ఎక్కడా ఆగం.

నాలుగోపడవ:
అందరూ ‘సంస్కృతుల మార్పిడి’ ధోరణిలోనే మాట్లాడుతున్నారు. నాకు ఆ మాటమీదే అభ్యంతరం. నన్నడిగితే జరిగింది ఆర్డరు. అయుత్థయ రాజాస్థానం సయాం, అంటే నేటి థాయిలాండ్ నుంచి నమూనాలు పంపితే కోరమండల్ తీరంలో వాటి ప్రకారం గుడ్డ వేశారు. చేతులు జోడించిన సయాం దేవతను వేసిన మనిషి ఆ దేశం మొహమైనా చూసి ఉండడు. డచ్చివాళ్లు 1605లో మచిలీపట్నంలో కొట్టు పెట్టింది మన బొమ్మల మీద మోజుతో కాదు, ఇండోనేషియా దీవుల్లో లవంగాలకు, జాజికాయకు ఈ గుడ్డే చెల్లింది గనుక. ఇంగ్లిషువాళ్లు 1643లో సూరత్‌కు రాసిన ఉత్తరంలో ఎర్రనేల దుప్పట్లు మాకు నచ్చడం లేదు, తెల్లనేల పంపండి అన్నారు. చూడండి, కొనేవాడే నేల రంగు నిర్ణయించాడు.

ఇక మార్పిడి ఎటు జరిగిందో కూడా చూడండి. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఆ మధ్యలో, 1742లో, పుదుచ్చేరిలోని జెసూట్ పాదిరి కేర్దూ తాను మతంలో కలుపుకున్న అద్దకంవాళ్లను అడిగి పద్ధతంతా పూసగుచ్చినట్టు ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. మన తెలుగుకు నిఘంటువు కూర్చిన పెద్దమనిషే! నిషేధం పోయాక అక్కడ మిల్లులు లేచాయి. చెప్పిన అద్దకంవాడికి దక్కిందేమిటి?

పాతరేవు:
మీ కోపం న్యాయమే. కానీ ఆర్డరు ఇచ్చాడు కాబట్టి మనవాడు ఉత్త కూలి అంటే ఒప్పుకోను. వడ్రంగికి మనమూ తలుపు కొలత ఇస్తాం. అదే తీరంలో మోటుపల్లిలో 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం గుర్తు తెచ్చుకోండి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు సరుకంతా లాక్కునేవారట. తాను నియమించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనన్నాడు. బయటివాడు రావాలని మనమే పిలిచాం. పిలిచాక వాడి అభిరుచి రావద్దంటే ఎలా?

సరుగుడుతోట:
అయితే పలకమీద ఇరాన్ అని రాస్తే మాత్రం ఒళ్లెందుకు మండింది?

పాతరేవు:
నన్ను బాగానే పట్టుకున్నారు. ‘ఇరాన్ నుంచి వచ్చిన’ తీసేసి ‘ఇరాన్‌కు పోయిన’ అని రాస్తే ఊరుకుంటాను.

నాలుగోపడవ:
సయాంవాళ్లు ఊరుకోరు.

చిరివేరు:
పలక సంగతి మీరు తేల్చుకోండి. నిరుడు అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు సంతలో ‘కలంకారీ’ అని చీర చూపించారు. కొంగు తడిపి రుద్దాను, వేలికి రంగంటింది. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. యంత్రం మీద వేసిన బొమ్మ, అందులోనూ మామిడిపిందే!