పెర్సీ స్కాట్‌కి ఎందుకంత పేరు?

ప్రశ్న: బ్రిటిష్ అడ్మిరల్ పెర్సీ స్కాట్ పెద్ద సముద్ర యుద్ధమేదీ గెలవలేదు కదా, మరి ఎందుకంత గౌరవం?

జవాబు: గురి వల్లేనండీ. 1899లో ఆయన కెప్టెన్‌గా ఉన్న సిల్లా ఓడ 70 గుండ్లలో 56 తగిలించింది. ఓడ ఊగుతున్నా గన్నర్ టెలిస్కోప్ నుంచి కన్ను తీయకుండా, చక్రం తిప్పుతూ గురి నిలిపేవాడు. దాని సాధనకి ‘డాటర్’ అనే పరికరం చేయించారు. గురి ఎక్కడుందో పెన్సిల్ చుక్క చూపించేది. మామూలు నావికుడికి ఓపిగ్గా నేర్పించిన ఆఫీసరు, నాకు చాలా ఇష్టం.

ఇంకొకరు: 1912 పోటీ మరవకండి. ఆయన డైరెక్టర్ పద్ధతి (ఓడలోని పెద్ద ఫిరంగులన్నిటికీ ఒకేచోటి నుంచి గురిపెట్టి పేల్చడం) పెట్టిన థండరర్ ఓడ, అది లేని ఓరియన్ ఓడని చిత్తు చేసింది.

ప్రశ్న: పైవాళ్లు మెచ్చుకున్నారా?

జవాబు: అందరూ కాదు. 1907లో ప్రాక్టీసు ఆపి ఓడకి రంగు వేయమంటే, గురికన్నా రంగే ముఖ్యమైనట్టుందని సిగ్నల్ ఇచ్చారు. అడ్మిరల్ బెరెస్‌ఫర్డ్ అందరికీ తెలిసేలా చీవాట్లు పెట్టారు. అయినా 1915లో జెప్పెలిన్ల (బాంబులు వేసే జర్మన్ గాలి ఓడల) నుంచి లండన్‌ని కాపాడే ఫిరంగుల బాధ్యత ఆయనకే ఇచ్చారు.