గవర్నమెంట్ స్కూళ్లలో మ్యూజిక్ పీరియడ్ కోసం ట్రస్ట్ పెడుతున్నాం, ఎక్కడ మొదలెట్టాలి? (వైజాగ్)

గాజువాక కుర్రోడు:
నమస్తే అండీ అందరికీ. నలుగురం ఫ్రెండ్స్‌మి కలిసి చారిటబుల్ ట్రస్ట్ రిజిస్టర్ చేద్దామనుకుంటున్నాం. కచేరీలు పెట్టడానికి కాదు, గవర్నమెంట్ స్కూల్లో వారానికి ఒక్క పీరియడ్ అయినా సంగీతం ఉండాలని గట్టిగా అడగడానికి. ఎంవీపీ కాలనీలో పిల్లలకి వీధి చివరే కీబోర్డ్ క్లాస్ దొరుకుతుంది, మా వైపు కూలి పనులకెళ్లే వాళ్ల పిల్లలకి ఆ ఫీజు ఎవరు కడతారు చెప్పండి. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా కళల్ని చదువు నుంచి విడదీయొద్దనే రాశారు, కానీ ఏ హెడ్‌మాస్టర్‌ని అడిగినా సిలబస్సే అవ్వట్లేదు బాబూ అంటున్నారు. ఏం చెప్పి ఒప్పించాలి?

వయొలిన్ టీచర్, సీతమ్మధార:
బాబూ, చెప్పి ఒప్పించలేవు, చూపించాలి. ఒక్క క్లాస్ అడిగి తీసుకో. నేను ఆదితాళంతో, అంటే ఎనిమిది లెక్కల తాళంతో మొదలెడతాను, తొడ మీద చేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలు నుంచి మూడు వేళ్లు లెక్క, తర్వాత దెబ్బ, చెయ్యి తిప్పి విసురు, మళ్లీ దెబ్బ, విసురు, మొత్తం ఎనిమిది. అది కుదిరాక మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళి, అంటే సరిగమల మొదటి పాఠం, ఫోన్లో తంబురా శ్రుతి పెడితే చాలు. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో లెక్కకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు, తాళం మాత్రం మారకూడదు. మూడో కాలానికి వచ్చేసరికి వెనక బెంచీ వాళ్లు కూడా నిటారుగా కూర్చుంటారు, అది హెడ్‌మాస్టర్ గారు గుమ్మంలో నిలబడి కళ్లారా చూడాలి. ఆయన్ని తప్పకుండా పిలువు, పేరెంట్స్ కమిటీ వాళ్లని కూడా.

ఆడిటర్ అన్న:
కాగితాల సంగతి చెప్తా తమ్ముడూ. ట్రస్ట్ డీడ్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి పాన్ తీసుకోండి, తర్వాత ఇన్‌కమ్ టాక్స్‌లో రెండిటికి అప్లై చెయ్యండి, ఒకటి ట్రస్ట్ ఆదాయం మీద పన్ను మినహాయింపుకి రిజిస్ట్రేషన్ (1961 చట్టంలో 12ఏబీ), రెండోది డొనేషన్ల మినహాయింపుకి అనుమతి (అదే చట్టంలో 80జీ). ఆ రెండోది ఉంటే డొనేషన్ ఇచ్చినవాళ్లకి మినహాయింపు వస్తుంది, పాత టాక్స్ విధానంలో ఉన్నవాళ్లకే సుమా. కంపెనీలు సమాజ సేవకి ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారం కూడా వెయ్యాలి.

విజయనగరం వాసి:
డబ్బు రాగానే కీబోర్డులు కొనెయ్యకండి, దయచేసి. నేర్పేవాళ్లు లేకపోతే అవి బీరువాలో మూలుగుతాయి. ముందు టీచర్‌కి నెల నెలా జీతం చూడండి. మా ఊళ్లో మహారాజా సంగీత కళాశాల 1919లోనే పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పేవారు, అంటే ఆ రోజుల్లోనే జీతం ఇచ్చి గురువుల్ని కూర్చోబెట్టారు కాబట్టే ఉత్తరాంధ్రలో సంగీతం నిలబడింది. అక్కడ చదివి పని లేక ఖాళీగా ఉన్న పిల్లల్ని తీసుకోండి, ఆంధ్రా యూనివర్సిటీ మ్యూజిక్ డిపార్ట్‌మెంట్‌లో కూడా అడగండి. బాగా పాడే పిల్లలు దొరికితే సీసీఆర్‌టీ (కళలకి సంబంధించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ) స్కాలర్‌షిప్‌కి పెట్టించండి, అది 10 నుంచి 14 ఏళ్ల వాళ్లకి.

గాజువాక కుర్రోడు:
థాంక్స్ అండీ, జీతం మాటే మా డీడ్‌లో మొదటి లక్ష్యంగా రాయిస్తాం. వయొలిన్ మేడమ్ గారూ, మీకు వీలైన శనివారం మా పక్క స్కూల్లో ఆ మొదటి క్లాస్ మీరే తీసుకుంటారా? హెడ్‌మాస్టర్ గారిని గుమ్మం దాకా తీసుకొచ్చే బాధ్యత నాది.