అప్‌డేట్: పాలీహౌస్ కీరా కొనే ఏజెన్సీకి లైసెన్స్ కావాలా? తేలింది

విజయనగరం దగ్గర మా పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన సాగు షెడ్డులో) పండే కీరా, క్యాప్సికం కొంటామన్న ఏజెన్సీకి ఏ అనుమతి ఉండాలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ముందు వ్యవసాయ మార్కెట్ కమిటీ కార్యదర్శిని కలవమన్న మాటే పనిచేసింది. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం నోటిఫై అయిన (అంటే ప్రభుత్వం ఈ చట్టం కింద ప్రకటించిన) సరుకు కొనే వ్యాపారి కమిటీ దగ్గర లైసెన్స్ తీసుకోవాలట. ఏజెన్సీవాళ్లు లామినేషన్ చేయించి మరీ చూపించింది వట్టి కంపెనీ రిజిస్ట్రేషన్! లైసెన్స్ కాపీ చేతికొచ్చాకే క్రేట్లు ఎక్కించాం. జీఎస్టీ టెన్షన్ అనవసరం, తాజా కూరగాయలకు పన్ను లేదు. ఫుడ్ సేఫ్టీ చట్టం కూడా పండించే రైతుకు వర్తించదు. లైసెన్స్ కాపీ మీద గడువు తేదీ, ఏ కమిటీ ఇచ్చిందో తప్పకుండా చూసుకోండి.