తొమ్మిదేళ్ల డిష్‌వాషర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

మాది హైదరాబాద్, అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. నెల రోజులుగా మా డిష్‌వాషర్‌లో నీళ్లు వేడెక్కట్లేదు, కడాయిలకు జిడ్డు అలాగే ఉంటోంది, గాజు గ్లాసుల మీద తెల్లటి మరకలు. బోరు నీళ్ల గట్టిదనం తగ్గించే డిష్‌వాషర్ సాల్ట్ వేస్తూనే ఉన్నాం (మొదటి రెండేళ్లు వేయలేదనుకోండి, అది మా తప్పే). మెకానిక్ చూసి హీటర్ పోయిందని, మా మోడల్‌లో హీటరూ పంపూ కలిపి ఒకటే పార్ట్ కాబట్టి మొత్తం మార్చాలని, 11,000 అవుతుందని చెప్పాడు, దానికి గ్యారంటీ మూడు నెలలేనట! కొత్తది కొందామంటే 40,000 పైమాటే. లీకేజీ లేదు, బోర్డు (మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) బాగానే ఉంది, ట్రేల చక్రాలు మాత్రం రెండు విరిగాయి. ఇంత పాత మెషిన్‌కి ఈ పార్ట్ మార్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తర్వాత ఎన్నాళ్లు నడిచింది? ఇది చేయించాక బోర్డు పోతుందేమోనని నా టెన్షన్. అమ్మేమో పనిమనిషిని పెట్టుకోమంటోంది.