ఖాళీ చేసి వెళ్లినవారికి ఆ తర్వాత వచ్చిన బిల్లులో వాటా ఉంటుందా?

బైరాగిపట్టెడ అద్దెదారు (చర్చ మొదలుపెట్టినవారు)

తిరుపతిలో ముగ్గురం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఒప్పంద పత్రంలో ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. కరెంటు మీటరు ఇంటి యజమాని పేరు మీద ఉంది. వైఫై నా పేరు మీద ఉంది. దానికి జనవరిలో ఏడాది ప్లాను తీసుకుని డబ్బంతా నేనే కట్టాను. నెలకు 600 రూపాయలు పడుతుంది కాబట్టి ఒక్కొక్కరు 200 చొప్పున నాకు ఇవ్వాలని అనుకున్నాం.

మాలో ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి మే 18న వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు మీటరు ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటికి ఆ నెలలో 180 యూనిట్లు అయ్యాయి. జూన్ మొదటి వారంలో రీడింగు తీసినప్పుడు మొత్తం 330 యూనిట్లు తేలాయి. యూనిట్ల ఖర్చే 1,935 రూపాయల 75 పైసలు. మూడో వంతు 645 రూపాయలు పంపమని అడిగాం. 180 యూనిట్లకు అయ్యేది 747 రూపాయలేనని, అందులో మూడో వంతు 249 పంపుతానని ఆయన అంటున్నారు. వైఫైకి ఇక పైసా ఇవ్వరట. ఉన్న వాళ్లం ఇద్దరం ఈ భారమంతా మోయాలా? ముగ్గురం మాట్లాడుకుని తీసుకున్న ఇల్లు ఇది. ఒకరు వెళ్లిపోతే మిగిలినవారి ఖర్చు ఎందుకు పెరగాలి?

రేణిగుంట షిఫ్టు ఉద్యోగి

వెళ్లినవారి పక్షాన నేను మాట్లాడతాను, ఎందుకంటే ఇలాంటి చోట ఆయన గొంతు వినిపించదు. మీటరు ఫొటో తీసి పెట్టడం కంటే ఆయన ఇంకేమి చేయాలి? మనలో చాలామంది ఆ పని కూడా చేయరు. ఫొటో తర్వాత కాలిన ప్రతి యూనిట్ ఇంట్లో ఉన్నవారిదే.

ఇంకొకటి చెప్పండి. మే 18 తర్వాత ఇద్దరే ఉన్నారు కదా, 150 యూనిట్లు ఎలా అయ్యాయి? మేలో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. ఏసీ ఎంతసేపు వేశారు? వేసవి సెలవుల్లో తిరుమల దర్శనానికి వచ్చిన బంధువులు ఎవరైనా మీ దగ్గర దిగారా? తిరుపతిలో గది ఉన్న ప్రతివారికీ ఈ అనుభవం ఉంటుంది. దర్శనానికి వచ్చినవారిని కాదనలేం, కాదనకూడదు కూడా. కానీ వారికోసం తిరిగిన ఏసీ ఖర్చు బెంగళూరులో ఉన్న మనిషి మీద వేయడం న్యాయం కాదు.

వెళ్లేవారికి రావలసింది కూడా ఒకటి ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆయన వెళ్లే ముందు వారంలో గ్యాసు బండ కొత్తది తీసుకుని ఉంటే, 14.2 కిలోల్లో చాలా భాగం మీ వంటకే మిగిలింది కదా? ఆ వాటా తిరిగి ఇచ్చారా?

బైరాగిపట్టెడ అద్దెదారు

బంధువులు వచ్చిన మాట నిజమే. నా రూమ్మేట్ అమ్మా నాన్న, చెల్లెలు నాలుగు రాత్రులు ఉన్నారు. గ్యాసు విషయంలో మాత్రం మీ అనుమానం మాకు వర్తించదు. మా బండ ఏప్రిల్‌లో తీసుకున్నది, ఆయన ఉన్నప్పుడే దాదాపు అయిపోయింది.

కొర్లగుంట ఇంటి యజమాని

రెండు పోర్షన్లు అద్దెకు ఇచ్చేవాడిగా చెబుతున్నాను, కొంచెం కఠినంగా ఉన్నా వినండి. మీ యజమాని స్థానంలో నేనున్నాననుకోండి, మీటరు నా పేరు మీద ఉంది. బిల్లు బకాయి పడితే నోటీసు నాకే వస్తుంది. ఎవరు వెళ్లారు, ఎవరు ఉన్నారు, ఎవరి బంధువులు వచ్చారు అన్న లెక్క నేను చూడను. ముగ్గురు సంతకం పెట్టారు కాబట్టి బిల్లు మొత్తం ఇంట్లో ఉన్నవారి దగ్గరే అడుగుతాను. వెళ్లిన మనిషిని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లలేను.

మన ఊళ్లో నడిచే పద్ధతి అందరికీ తెలిసిందే. వెళ్లేవారు తమ అడ్వాన్సు వాటాను కొత్తగా చేరే మనిషి దగ్గర తీసుకుని వెళ్లిపోతారు. యజమాని దగ్గర ఉన్న డబ్బు కదలదు. గొడవంతా ఇక్కడే పుడుతుంది. ఆ అడ్వాన్సు చేతులు మారే రోజునే వెయ్యి రూపాయలు పక్కన పెట్టి, బిల్లు వచ్చాక లెక్క చూసి మిగిలింది పంపితే ఈ చర్చే ఉండదు. మా ఇంట్లో అద్దెకు చేరే పిల్లలకు మొదటి రోజే ఇది చెబుతాను. తర్వాత వారు పాటించేదీ మానేదీ వారి ఇష్టం.

చిత్తూరు న్యాయవాది

యజమాని గారు చెప్పినదానికి చట్టం బలం ఉంది, కానీ సగం వరకే. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 43వ సెక్షన్ ప్రకారం, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మాట ఇస్తే, వేరే షరతు రాసుకోనంత వరకు, ఆ మాట పొందినవారు వారిలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చు. అంటే యజమాని మీ ఇద్దరినీ మొత్తం బిల్లు అడగవచ్చు, వెళ్లినవారిని కూడా అడగవచ్చు.

అదే సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. మొత్తం కట్టినవారు మిగిలినవారి నుంచి సమాన వాటా రాబట్టుకోవచ్చు, ఒప్పందంలో అందుకు భిన్నమైన ఉద్దేశం కనిపించకపోతే. ఒకరు వాటా ఎగ్గొడితే ఆ నష్టాన్ని మిగిలినవారు సమానంగా భరించాలి. చాలామందికి ఈ చివరి భాగం తెలియదు. మీ ముగ్గురిలో ఒకరు పూర్తిగా చేతులెత్తేస్తే ఆ భారం మీ ఇద్దరి మీద చెరి సగం పడుతుంది, మీలో ఎవరు డబ్బు కట్టారన్నదానితో సంబంధం లేదు.

ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన విషయం ఉంది. సమాన వాటా అన్నది మీరు ముగ్గురూ ఒప్పుకున్న ఖర్చుకు వర్తిస్తుంది. ఆయన వెళ్లిన తర్వాత మీ వాడకం వల్ల పెరిగిన ఖర్చుకు కూడా ఆయన మాట ఇచ్చారా? మీటరు ఫొటోను గ్రూపులో పెట్టిన రోజున మీరెవరూ అభ్యంతరం చెప్పకపోతే, ఆ తేదీతో లెక్క తెగ్గొట్టడానికి ఒప్పుకున్నట్టేనని నేను వాదిస్తాను. 645 అడగడం నిలవదు.

బిల్లు ఆలస్యమైతే సరఫరా వెంటనే తీసేస్తారేమో అని భయపడకండి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, కనెక్షన్ తొలగించే ముందు 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ముందు బిల్లు కట్టండి, వాటాల గొడవ తర్వాత తేల్చుకోండి. ఆ గొడవ కోర్టు గడప ఎక్కవలసినంత పెద్దది కాదు. అయినా తేలకపోతే న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. కోర్టు ఫీజు ఉండదు.

రేణిగుంట షిఫ్టు ఉద్యోగి

న్యాయవాది గారు చెప్పినట్టే 645 నిలవదు. మరి 249 నిలుస్తుంది కదా?

లెక్కల టీచర్, తిరుచానూరు

నిలవదండీ. ఆ 249 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మన రాష్ట్రంలో 2022-23 నుంచి అమలవుతున్న గృహ వినియోగ రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపై 9.75. వాడే కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది.

వెళ్లినవారు ఏం చేశారంటే, తాము ఉన్న 180 యూనిట్లను చవక శ్లాబుల్లో పెట్టారు. ఒక్కో శ్లాబుకు అయిన 57, 135, 225, 330 రూపాయలు కలిపితే 747. మిగిలిన 150 యూనిట్లకు 1,188 రూపాయల 75 పైసలు మీకు వదిలేశారు. అంటే ఆయనకు యూనిట్ నాలుగు రూపాయల 15 పైసలు, మీకు దాదాపు ఎనిమిది రూపాయలు. చవక యూనిట్లు నెల మొదట్లో ఉన్నవారి సొత్తు ఎలా అవుతాయి? మీరు నెల మొదట్లో ఉండి ఆయన చివర్లో చేరి ఉంటే, చవక శ్లాబుల లాభం మీకే దక్కేది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది క్యాలెండరు మీద ఆధారపడిన విషయం, వాడకం మీద కాదు.

సరైన పద్ధతి సగటు ధర. 1,935.75ను 330తో భాగిస్తే యూనిట్ 5 రూపాయల 87 పైసలు. 180 యూనిట్లకు 1,056 రూపాయలు, ముగ్గురికీ పంచితే ఒక్కొక్కరికి 352. ఆయన 352 ఇవ్వాలి. స్థిర చార్జీ, సుంకం లాంటివి కూడా ఇదే దామాషాలో వేసుకోండి.

దీని మీద ఒక అభ్యంతరం న్యాయమైనదే, నేనే చెబుతాను. బంధువుల వల్ల వాడకం పెరిగి బిల్లు పై శ్లాబులోకి వెళ్తే సగటు కూడా పెరుగుతుంది. ఆ నాలుగు రాత్రుల అదనపు యూనిట్లను ఎవరూ కొలవలేదు కాబట్టి ఊహించి తీసివేయమని నేను చెప్పను. కానీ ఆయన 330 రూపాయలకు సరిపెట్టమంటే, ఆ ఇరవై రెండు రూపాయల కోసం స్నేహం పోగొట్టుకోకండి.

పద్మావతీపురం పీజీ విద్యార్థిని

కరెంటు లెక్క బాగా తేలింది. నాకు అసలు బాధ కలిగించేది మాత్రం వాడినా వాడకపోయినా కట్టవలసిన డబ్బు. మేం అమ్మాయిలం నలుగురం ఉండే అపార్టుమెంటులో నెలనెలా నిర్వహణ ఖర్చు ఫ్లాటుకింత అని ఉంటుంది, తలకింత అని కాదు. వేసవిలో ట్యాంకర్ నీటికి మళ్లీ వేరే వసూలు. తెలుగుగంగ నీళ్లు, కల్యాణి డ్యామ్ నీళ్లు వస్తున్నా ఏప్రిల్, మేలలో మా వీధికి ట్యాంకర్ తప్పదు. ఒకరు వెళ్లిపోతే ఈ రెండూ ముగ్గురి మీద పడతాయి.

అయినా వెళ్లిన అమ్మాయిని అడగలేదు. ఆమె ఆరోగ్యం బాగాలేక కడప వెళ్లిపోయింది, చదువే ఆపేసింది. ఆమెను నెలనెలా వాటా పంపమంటే మనం ఎలాంటి మనుషులం? ఉద్యోగం వచ్చి వెళ్లడం, ఇలా వెళ్లడం ఒకటి కాదు. అందుకే ఒకే నియమం అందరికీ వేయడం నాకు ఇష్టం లేదు. మీ మిత్రునికి జీతం మొదలైంది, వైఫై మాట ముగ్గురూ కలిసి ఇచ్చుకున్నది, ప్లాను ఏడాదిది. ఆయన తప్పుకోవడం నాకు నచ్చలేదు. కొత్త మనిషి చేరే వరకైనా ఇవ్వాలి.

కొర్లగుంట ఇంటి యజమాని

మీరెవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది. 2022-23లో వాడిన యూనిట్ల మీద ఇంధన సర్దుబాటు చార్జీలు (ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చు పెరిగిందని తర్వాత వేసేవి) 2024 డిసెంబరు బిల్లుల నుంచి వసూలు చేయడం మొదలైంది. అవి సర్వీసు నంబరును బట్టి పడతాయి. ఆ యూనిట్లు కాల్చినవారు నా ఇల్లు ఎప్పుడో ఖాళీ చేశారు. ఇప్పుడున్న పిల్లలు ఆ బిల్లు చూసి నన్ను నిలదీశారు. వెళ్లినవారికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ భాగం నేనే కట్టాను. ఇది అద్దెకు ఇచ్చేవారు భరించవలసిన ఖర్చేనని నా అభిప్రాయం, చాలామంది యజమానులు ఒప్పుకోరు.

చిత్తూరు న్యాయవాది

మీరు చేసింది సరైన పని. తాము లేని కాలపు వాడకానికి ఇప్పటి అద్దెదారులు మాట ఇచ్చింది లేదు. ఒప్పంద పత్రంలో ఆ భారం అద్దెదారుదేనని స్పష్టంగా రాసి ఉంటే అది వేరే సంగతి. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం ఉందేమో చూసుకోండి.

రేణిగుంట షిఫ్టు ఉద్యోగి

352 లెక్కకు నేను ఒప్పుకుంటున్నాను, శ్లాబుల మాట సరైనదే. వైఫైకి ఒప్పుకోను. జూన్ నుంచి డిసెంబరు దాకా ఏడు నెలలకు 1,400 అవుతుంది. బెంగళూరులో ఆయన మరో కనెక్షన్‌కు కట్టుకుంటూ ఇక్కడ మీరు చూసే సినిమాలకూ డబ్బు ఇవ్వాలా? కొత్త మనిషి చేరే వరకు అంటున్నారు. ఆయన వెళ్లే ముందు తన బదులు ఎవరినైనా చూపించారా లేదా? ఇది ముందు చెప్పండి.

బైరాగిపట్టెడ అద్దెదారు

చూపించారు. తన పాత ఆఫీసులో పనిచేసే అబ్బాయిని తీసుకొచ్చారు. ఆ అబ్బాయికి రాత్రి షిఫ్టు, పగలు నిద్ర. మేమిద్దరం పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాం, ఇల్లు చిన్నది, పగలు గట్టిగా మాట్లాడుకోవడానికి కూడా కుదరదని వద్దన్నాం.

రేణిగుంట షిఫ్టు ఉద్యోగి

అయితే చేరడానికి సిద్ధంగా ఉన్న మనిషిని కాదన్నది మీరు. ఆ రోజు నుంచి ఖాళీ మంచం ఖర్చు మీదే. రాత్రి షిఫ్టు చేసేవారికి తిరుపతిలో గది దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

పద్మావతీపురం పీజీ విద్యార్థిని

ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను కొత్త మనిషి మాట అనేదాన్ని కాదు. ఎవరితో కలిసి ఉండాలో ఎంచుకునే హక్కు మీకుంది. ఆ ఎంపికకు అయ్యే ఖర్చు ఆయనది కాదు.

బైరాగిపట్టెడ అద్దెదారు

వద్దన్నందుకు చింత లేదు, చదువు మాకు ముఖ్యం. కానీ ఆ నిర్ణయం మాది కాబట్టి జూన్ నుంచి వైఫై వాటా అడగను. టీచర్ గారి లెక్క ప్రకారం 352, స్థిర చార్జీ వాటా, మే నెల వైఫై 200 అడుగుతూ ఈ లెక్కంతా ఆయనకు పంపాను. బంధువుల యూనిట్ల సంగతి నా రూమ్మేట్, నేను తేల్చుకుంటాం. ఆగస్టులో కొత్త మనిషి చేరుతున్నాడు. మీటరు రీడింగు తేదీ, వెళ్లే ముందు వెయ్యి రూపాయలు పక్కన పెట్టడం, ఏడాది ప్లాన్లు తీసుకోకపోవడం, ఈ మూడూ కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోబోతున్నాం. న్యాయవాది గారూ, దానికి స్టాంపు పేపరు అవసరమా?

చిత్తూరు న్యాయవాది

మీ మధ్య లెక్కల కోసం అయితే తెల్ల కాగితం చాలు. తేదీ వేసి, ముగ్గురూ సంతకం పెట్టి, ఫొటో తీసి గ్రూపులో ఉంచుకోండి.