డబ్బు చెల్లించవలసిన కంపెనీయే తిరస్కరిస్తే కోర్టు ఎలా చూస్తుంది?

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అక్క దీర్ఘకాలిక వైకల్య భత్యం కోసం పెట్టుకున్న దరఖాస్తును బీమా కంపెనీ తిరస్కరించింది. అర్హతను తేల్చేదీ, డబ్బు చెల్లించవలసిందీ ఆ కంపెనీయే అయినప్పుడు దాని నిర్ణయానికి కోర్టు ఎంత విలువ ఇస్తుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: ప్రైవేటు యాజమాన్యం ద్వారా వచ్చిన బీమా అయితే ఇది సాధారణంగా, ఉద్యోగుల ప్రయోజన పథకాలను నియంత్రించే 1974 నాటి ఎరిసా చట్టం కిందికి వస్తుందండి. నిర్ణయాధికారాన్ని నిర్వాహకులకు వదిలేస్తున్నట్లు పథకపత్రంలో లేకపోతే కోర్టు విషయాన్ని మొదటినుంచి తానే పరిశీలించాలనీ, ఉంటే ఆ అధికారం దుర్వినియోగమైందా అన్నదే చూడాలనీ అమెరికా సుప్రీంకోర్టు 1989లో ఫైర్‌స్టోన్ కేసులో చెప్పింది. 2008లో మెట్‌లైఫ్ అనే బీమా కంపెనీకీ, గ్లెన్ అనే ఉద్యోగినికీ మధ్య నడిచిన కేసులో మీరు అడిగిన పరిస్థితే ప్రయోజన వైరుధ్యమని స్పష్టం చేసి, దానిని ఒక అంశంగా తూచమంది. సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ భత్యానికి దరఖాస్తు చేయమని గ్లెన్‌ను ప్రోత్సహించిన కంపెనీయే, అక్కడ ఆమె పనిచేయలేని స్థితిలో ఉన్నట్లు తేలిన తరువాత, పని చేయగలదని వాదించడం ఆ కేసులో కంపెనీకి ప్రతికూలమైంది. అయితే వైరుధ్యం ఉన్నంత మాత్రాన నిర్ణయం రద్దు కాదు; ఈ తీర్పు ఉద్యోగికి చాలినంత రక్షణ ఇవ్వలేదనే నా అభిప్రాయం.

మరో జవాబు: కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలలో బీమా పాలసీలలో నిర్ణయాధికారాన్ని కంపెనీకే వదిలేసే నిబంధన చెల్లదు కనుక, మీ అక్కగారు ఏ రాష్ట్రంలో ఉన్నారో ముందు చూడండి. తిరస్కరణ లేఖ అందాక అంతర్గత అప్పీలుకు కనీసం 180 రోజుల గడువు ఉంటుంది. కోర్టు చాలావరకు ఆ దశలో దాఖలైన ఆధారాలనే చూస్తుంది. వైద్యుల నివేదికలన్నీ అప్పుడే జతచేయించండి.