18446744073709551615 కారణాంకాలను చేత్తో రాబట్టడం ఎలా?

ప్రశ్న:
చదరంగపు గళ్ళలో రెట్టింపు చేస్తూ గింజలు పోస్తే మొత్తం 2^64 − 1, అంటే 18446744073709551615 గింజలు అవుతాయన్నది అందరికీ తెలిసిన లెక్కే. అంకెల మొత్తం 87 కనుక దీనిని 3 భాగిస్తుంది, 9 భాగించదు; చివర 5 ఉంది కనుక 5 కూడా భాగిస్తుంది. ఆపైన కంప్యూటర్ సాయం లేకుండా ప్రధాన కారణాంకాలన్నీ రాబట్టవచ్చా? మొత్తం భాజకాలెన్నో కూడా తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
రెండు వర్గాల భేదం సూత్రాన్ని వరుసగా వాడండి. 2^64 − 1 = (2^32 − 1)(2^32 + 1); ఇందులో మొదటి దానిని మళ్ళీ మళ్ళీ అలాగే విడగొడితే చివరికి 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 వస్తుంది. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. 2^(2^n) + 1 రూపంలో ఉన్న ఈ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు గానీ, ఆరవదానిని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు.

దీనిని భాగహారం చేయకుండానే సరిచూడవచ్చు. 641 = 5·2^7 + 1 కనుక, 641తో భాగించినప్పుడు 5·2^7కు శేషం −1, దాని నాలుగో ఘాతమైన 5^4·2^28కు శేషం 1. మరోవైపు 641 = 5^4 + 2^4 కూడా కనుక 5^4 స్థానంలో −2^4 పెట్టవచ్చు; అప్పుడు −2^32కు శేషం 1 అవుతుంది, అంటే 2^32 + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఇంత ముచ్చటైన రుజువు అంకగణితంలో అరుదు. భాగఫలం 6700417.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే 6700417 ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే, దాని వర్గమూలం సుమారు 2588 కనుక, అంతలోపు ఉన్న మూడు వందలకు పైగా ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడవలసిందేనా?

రెండవ సమాధానం:
అక్కర్లేదండీ, ఐదింటితో సరిపోతుంది. 2^32 + 1ని p అనే ప్రధాన సంఖ్య భాగిస్తే, p దృష్ట్యా (అంటే pతో భాగించినప్పుడు) 2^32కు శేషం −1, 2^64కు శేషం 1. అందువల్ల శేషం 1 వచ్చే అతి చిన్న ఘాతం సరిగ్గా 64, ఆ 64 p − 1ని భాగించి తీరాలి. అప్పుడు pని 8తో భాగిస్తే శేషం 1 కనుక, p దృష్ట్యా 2 ఒక వర్గమే అవుతుంది, అంటే ఏదో ఒక సంఖ్య వర్గాన్ని pతో భాగిస్తే శేషం 2 వస్తుంది. ఆ వర్గమూలానికి అలాంటి ఘాతం 128 కనుక p − 1ని 128 కూడా భాగిస్తుంది. ఈ మెరుగుదల ఫ్రెంచి గణితవేత్త లూకాది.

2588 లోపు 128k + 1 రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257 దృష్ట్యా 2^8కు శేషం −1, 2^32కు శేషం 1 కనుక 2^32 + 1కి శేషం 2. అది వెంటనే తొలగిపోతుంది. మిగిలిన నాలుగింటితో 6700417ను భాగిస్తే వరుసగా 44, 120, 334, 622 శేషాలు వస్తాయి. కాబట్టి అది ప్రధాన సంఖ్యే.

మూడవ సమాధానం:
భాజకాల సంగతి ఎవరూ చెప్పలేదు. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కసారే వచ్చాయి కనుక భాజకాలు 2^7 = 128. ఇంకొక మాట: 2^32 − 1 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయడం సిద్ధాంతరీత్యా సాధ్యమని గౌస్ ఫలితం వల్ల తెలుస్తుంది, 2^64 − 1 భుజాలదానిని గీయలేము, ఎందుకంటే భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల (అంటే పై 2^(2^n) + 1 రూపంలోని ప్రధాన సంఖ్యల) లబ్ధం కావాలి; 641, 6700417 రెండూ అలాంటివి కావు.